నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్: పాత భాగాలతో ఐదేళ్ల మరమ్మతు

ఈ కేసులోని వాహనం వెనుక చక్రాల మీద నడిచే ఒక డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్ల ఇంజను, టర్బో లేదు, డీజిల్ పంపు మెకానికల్. ఐదు గేర్లు, ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ములు, వెనుక కమాన్ పట్టీలు, వాటన్నిటి కింద నిచ్చెన ఆకారపు ఛాసిస్. మా వర్క్‌షాప్‌కు మొదటిసారి వచ్చిన రోజున ఓడోమీటర్ 4,12,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మధ్యలో కొంతకాలం కేబుల్ తెగి మీటరు తిరగలేదని యజమాని తానే చెప్పారు కనుక అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఫిల్టర్లు, సీళ్లు, బేరింగులు, బ్రేకు లైనింగులు ఇంకా కొత్తవి వస్తున్నాయి గాని సిలిండర్ హెడ్డు, డిఫరెన్షియల్ (ఇంజను తిప్పుడును వెనుక చక్రాలకు అందించే గేర్ల ముద్ద), స్టీరింగ్ బాక్సు వంటివి కొత్తవి దొరకవు. ఎక్కడో ఒకటి దొరికినా దాని ధర బండి విలువను మించిపోతుంది.

యజమాని పెట్టిన షరతు ఒక్కటే. బండి వారంలో ఆరు రోజులు బరువు మోయాలి, ఏ మరమ్మతుకైనా రెండు రోజులకు మించి ఆగకూడదు. ఈ షరతు వినడానికి తేలికగానే ఉంది గాని, పాత భాగాలతో పని చేసేవాడి పద్ధతినంతా అదే మార్చేస్తుంది. బండి ఆగిన తరువాత భాగం కోసం తుక్కు యార్డులకు వెళితే ఆ రోజు అక్కడ ఉన్నదే తెచ్చుకోవలసి వస్తుంది, అందులో మంచీ చెడూ చూసే తీరిక ఉండదు. అందుచేత ఈ ఐదేళ్లలో మేము చేసిన పనిలో సగానికి పైగా బండి కిందికి దూరకుండా చేసినదే: ముందు ఏది పోతుందో అంచనా వేయడం, దాన్ని బండి నడుస్తుండగానే వెతకడం, కొలవడం, శుభ్రం చేసి నూనె పట్టించి అల్మారాలో పెట్టుకోవడం.

ముందుగా ఛాసిస్

ఏ పాత బండి మీదనైనా డబ్బు పెట్టే ముందు తేల్చుకోవలసింది ఇంజను సంగతి కాదు, ఛాసిస్ సంగతి. ఇంజను మారుతుంది, గేర్‌బాక్సు మారుతుంది, క్యాబిన్ కూడా మారుతుంది. ఛాసిస్ మార్చడమంటే బండినే మార్చడం, ఎందుకంటే రిజిస్ట్రేషన్‌లో బండికి గుర్తింపుగా నిలిచే నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. కాబట్టి బండిని జాకీల మీద ఎత్తి, ఒక చిన్న సుత్తితో ముందునుంచి వెనుకదాకా రెండు పట్టాలనూ జానెడుకు ఒకచోట చొప్పున తట్టుకుంటూ వెళ్లాము. గట్టి ఉక్కు గణగణమని మోగుతుంది. లోపలినుంచి తుప్పు తిన్న చోట బీటవారిన కుండలా మొద్దుగా పలుకుతుంది. పెయింటు పైన ఎంత నున్నగా ఉన్నా ఈ శబ్దాన్ని దాచలేదు.

మొద్దుగా పలికినది ఒక్కచోటే: ఎడమ వైపు వెనుక, కమాన్ పట్టీల వెనుక చివరను మోసే బ్రాకెట్టుకు కాస్త పైన. బురద చేరి ఆరకుండా ఉండిపోయే మూల అది. కోసి చూస్తే చేతి వెడల్పు మేర రేకు పలచబడింది, చుట్టుపక్కల లోహం మాత్రం గట్టిగానే ఉంది. ఆ ఒక్కచోటును మంచి లోహం దొరికేదాకా కోసి, అదే మందం ఉక్కు పలకతో అతికాము. పలక చివరలను నిలువుగా కాక ఏటవాలుగా కోశాము. వెల్డింగు గీత పట్టాకు అడ్డంగా ఒకే వరుసలో పడితే బరువు పడినప్పుడల్లా వంపంతా ఆ గీత మీదే కేంద్రీకరించి, అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పడం మరచిపోతే డయోడ్లు కాలిపోతాయి, అది వేరే ఖర్చు. ఈ మొద్దు శబ్దం రెండు మూడు చోట్ల వినిపించి ఉంటే ఈ కేసు అక్కడితోనే ముగిసేది, బండిని వదులుకొమ్మని యజమానికి నేనే చెప్పేవాడిని.

తుక్కు బండి ఎందుకు తుక్కయింది

యార్డులో భాగాన్ని చూడబోయే ముందు ఆ బండి అక్కడికి ఎందుకు చేరిందో తెలుసుకోవాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. వెనుకనుంచి గుద్దుకుని వంగిపోయిన బండి నిన్నటిదాకా నడిచిన బండి. దాని ఇంజను, రేడియేటరు, గేర్‌బాక్సు పని చేస్తూనే ఆగాయి. ముందునుంచి గుద్దుకున్నదైతే వెనుక ఇరుసు, డిఫరెన్షియల్, డ్రమ్ములు పనికి వస్తాయి. టైమింగ్ బెల్టు తెగి ఆగినదైతే వాల్వులు పిస్టన్లకు తగిలి ఉంటాయి కనుక హెడ్డు జోలికి పోకూడదు, కాని దాని గేర్‌బాక్సుకు ఏ లోపమూ ఉండకపోవచ్చు. ఏ దెబ్బా లేకుండా, టైర్లలో గాలితో సహా, చూడడానికి ముచ్చటగా నిలబడి ఉన్న బండినే ఎక్కువ అనుమానించాలి. దాన్ని ఎవరో మరమ్మతు చేయించి చేయించి విసిగిపోయి వదిలేశారన్నమాట.

బానెట్టు ఎత్తగానే నేను చూసేది థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటరుకు వదిలే వాల్వు) ఉందా లేదా అని. దాన్ని తీసేసి ఉత్త మూత బిగించి ఉంటే ఆ ఇంజను ఎప్పుడో బాగా వేడెక్కింది, ఎవరో చల్లబరచడానికి అడ్డదారి వెతికారు. రేడియేటరు మూత విప్పితే గొట్టాల నోళ్ల దగ్గర లీకులు ఆపే పొడి గోధుమ రంగులో పేరుకుని కనిపించినా అదే సంగతి. డీజిల్ ఫిల్టరు గిన్నె విప్పి అందులో ఉన్నది ఒక గాజు సీసాలోకి వంచాలి. అడుగున నీరు విడిగా కనిపిస్తే ఆ బండి ఇంజెక్షన్ పంపును, ఇంజెక్టర్లను తాకవద్దు, లోపలి నున్నని భాగాలు తుప్పు పట్టి ఉంటాయి. గేర్‌బాక్సు డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద ఉండడం సహజం, అది పళ్లు మామూలుగా అరిగిన పొడి. గోటికి గుచ్చుకునే ముక్క ఉంటే మాత్రం బోల్టు తిరిగి బిగించి, వచ్చిన దారి పట్టాలి.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఏ భాగం ఏ బండినుంచి వచ్చిందో యార్డు యజమాని చేత రసీదు మీద రాయించుకుంటాము. ఇంజను బ్లాకు వంటి నంబరున్న భాగాలైతే ఆ నంబరు కూడా రసీదులో ఉండాలి. నంబరు గీకేసి ఉన్న భాగాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోము.

సిలిండర్ హెడ్డు

బండి వచ్చిన మొదటి ఏడాదే చల్లని ఉదయాల్లో స్టార్టు కావడానికి మొరాయించడం మొదలైంది. స్టార్టయ్యాక తెల్లని పొగతో, ఒక కాలు కుంటినట్టు నడిచి, వేడెక్కాక సర్దుకునేది. చల్లని ఇంజనును స్టార్టు చేయడానికి సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్గులు నాలుగూ బాగానే ఉన్నాయి. ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి చూస్తే నాలుగో సిలిండర్ దగ్గర ఇంజను శబ్దంలో తేడా రాలేదు, అంటే ఆ సిలిండర్ చేస్తున్న పని అంతంత మాత్రమే. (ఈ పరీక్ష పాతకాలపు మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకే. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టంనుంచి డీజిల్ అందే కొత్తకాలపు కామన్ రైల్ ఇంజన్లలో పైపుల లోపల ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది, నట్టు వదులు చేస్తే చిమ్మే డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది.) కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూస్తే మొదటి మూడు సిలిండర్లు 27, 26.5, 27 బార్, నాలుగోది 21.5. సిలిండర్ల మధ్య తేడా 5 బార్ మించకూడదని ఈ ఇంజను మాన్యువల్ చెబుతుంది.

ఇక్కడ చాలామంది సిలిండర్‌లో కొంచెం ఇంజనాయిలు పోసి మళ్లీ కొలుస్తారు. కంప్రెషన్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అన్నది ఆ పరీక్ష లెక్క. పెట్రోలు ఇంజనుకు అది సరిపోతుంది. డీజిల్ ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీయే చాలా తక్కువ కనుక, పోసిన ఆయిలే ఆ ఖాళీని నింపి రింగులు పోకున్నా సంఖ్యను పెంచి చూపిస్తుంది. అందుకని ఇంజెక్టర్ రంధ్రంలోనుంచి కంప్రెసర్ గాలి పంపి చెవి పెట్టి విన్నాము. ఆయిలు పోసే మూత దగ్గర సుమారుగా మామూలు శబ్దమే వచ్చింది, సైలెన్సర్ గొట్టం చివర మాత్రం బుస్సుమని గాలి తగిలింది. ఎగ్జాస్ట్ వాల్వు కాలిందని అర్థమైంది. పిస్టన్లు, రింగుల జోలికి పోనవసరం లేదని కూడా అప్పుడే తేలింది, అది ఆ రోజు దొరికిన మంచి వార్త.

హెడ్డు విప్పకుండానే పాత హెడ్డు వెతకడం మొదలుపెట్టాము. మూడు చూశాము. మొదటిదాన్ని డీజిల్‌తో కడిగి తుడిచేసరికి రెండు వాల్వు సీట్ల మధ్య వెంట్రుక వాసి పగులు బయటపడింది. రెండోది పగుళ్లు లేనిదే గాని, స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) అడ్డంగా పెట్టి ఫీలర్ గేజి (మందం తెలిసిన పలచని రేకుల కట్ట) దూరిస్తే నడుమ 0.15 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరిపోయింది, అనుమతి 0.10. చెక్కిస్తే సరిపోతుందని యార్డు వాళ్లు అన్నారు. ఈ రకం ఇంజనులో హెడ్డు చెక్కిన కొద్దీ వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి, ప్రీ-ఛాంబర్ (హెడ్డులో డీజిల్ మొదట అంటుకునే చిన్న గది) ముక్కలు ఉపరితలం మీదికి పొడుచుకు వస్తాయి. కనుక ఒక పని తప్పించుకోబోయి మూడు పనులు తలకెత్తుకున్నట్టవుతుంది. మూడోది వెనుకనుంచి గుద్దుకున్న బండిది. థర్మోస్టాట్ ఉంది, రేడియేటరులో పచ్చని కూలెంట్ ఉంది, హెడ్డు ఎత్తు కొలిస్తే ఇంతకు ముందెన్నడూ చెక్కనిదని తెలిసింది.

దాన్నయినా తెచ్చి నేరుగా బిగించలేదు. మెషిన్ షాపులో వేడి నీటితో ఒత్తిడి పరీక్ష చేయించాము. వేడి నీరే ఎందుకంటే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగుళ్లు కొన్ని లోహం వ్యాకోచించాకే తెరుచుకుంటాయి. వాల్వులు రుద్ది కూర్చోబెట్టి, వాల్వు సీళ్లు కొత్తవి వేసి, ఇంజెక్టర్ల కింద కొత్త రాగి వాషర్లు సిద్ధం చేసి ఉంచాము. అప్పుడు బండిని పిలిపించాము. పాత హెడ్డు విప్పాక డయల్ గేజితో పిస్టన్లు బ్లాకు పైకి ఎంత పొడుచుకు వస్తున్నాయో కొలిచి, దాన్నిబట్టి హెడ్ గ్యాస్కెట్ మందం ఎంచుకున్నాము. అంచున ఉండే గాట్ల సంఖ్యను బట్టి ఆ మందం తెలుస్తుంది. పాత గ్యాస్కెట్‌కు ఎన్ని గాట్లు ఉంటే అన్నే అని తెచ్చుకోవడం సులువే గాని, అంతకు ముందు బిగించినవాడు కొలిచే వేశాడన్న నమ్మకం ఏమీ లేదు. హెడ్డు బోల్టులు, టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, నీటి పంపు అన్నీ కొత్తవే. రెండో రోజు సాయంత్రానికి బండి వెళ్లిపోయింది. నెల తరువాత కంప్రెషన్ 27.5, 27, 27.5, 26.5. పాత హెడ్డు ఎగ్జాస్ట్ వాల్వు అంచులో మూడు మిల్లీమీటర్ల మేర కాలి గీటు పడి ఉంది. దాన్ని ఇప్పటికీ బల్ల మీద పెట్టుకున్నాను, నేర్చుకునేవాళ్లకు చూపించడానికి.

డిఫరెన్షియల్: నా పొరపాటు

రెండో ఏడాది వెనుకనుంచి ఊళ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 50–60 వేగం దగ్గర సన్నగా మొదలై, కాలు తీయగానే ఆగిపోయేది. బేరింగు రొదకు, పళ్ల ఊళకు తేడా ఇక్కడే తెలుస్తుంది. బేరింగు చెడితే లాగుతున్నా, వదిలేసినా గరగర వస్తూనే ఉంటుంది. లాగేటప్పుడు మాత్రమే ఊళ వస్తోందంటే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లకు లాగే వైపు ముఖం అరిగింది. పినియన్ సీలు కారి ఆయిలు తగ్గిపోవడం దీనికి కారణం. ఆయిలు వంపితే వెండి పూత పూసినట్టు మెరిసింది, డ్రెయిన్ బోల్టుకు బియ్యపు నూకంత ముక్కలు రెండు అతుక్కుని వచ్చాయి.

క్రౌన్ వీల్‌ను, పినియన్‌ను విడివిడిగా కొనకూడదు. రెండిటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది జత కలుపుతారు. ఒకదాని పళ్ల నడక ఇంకొకదానికే తెలుసు. ఈ బండిలో డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా ఇరుసు హౌసింగ్ ముందు వైపునుంచి ఊడి వస్తుంది కనుక ఆ ముద్దను యథాతథంగా తెచ్చుకోవడమే తెలివైన పని. ముందు గుద్దుకున్న ఒక బండిలో అలాంటిది కనిపించింది. అప్పటికి చీకటి పడుతోంది. ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే ఫ్లాంజ్ నాలుగు రంధ్రాలూ సరిపోయాయి, ఆడించి చూస్తే పళ్ల మధ్య వదులు కొద్దిగానే ఉంది, పళ్ల మీద నీలి మచ్చ గాని గుంత గాని లేదు. మా బండి క్రౌన్ వీల్‌కు 41 పళ్లని నాకు తెలుసు. టార్చి వెలుగులో సున్నపు గుర్తు పెట్టుకుని పళ్లు లెక్కపెట్టాను. 41. సరిపోయిందనుకుని తీసుకువచ్చాను.

వర్క్‌షాప్‌లో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) కొలిస్తే 0.16 మిల్లీమీటర్లు వచ్చింది, మాన్యువల్ పరిధి 0.13 నుంచి 0.18. మార్కింగ్ పేస్టు పూసి తిప్పితే పళ్ల మీద గుర్తు చక్కగా నడుమ పడింది. కొత్త పినియన్ సీలు, కొత్త ఇరుసు సీళ్లు, కొత్త జీఎల్-5 రకం గేరు ఆయిలు. ఒక్క రోజులో పని పూర్తయింది, ఊళ పూర్తిగా పోయింది.

రెండు వారాల తరువాత యజమాని వచ్చి, బండి ఇదివరకటి కంటే బరువు తేలికగా లాగుతోందని, లీటరుకు కిలోమీటర్లు కూడా పెరిగాయని సంతోషంగా చెప్పారు. నేను కూడా సంతోషపడ్డాను, సిగ్గుపడవలసిన సంగతి అది. డిఫరెన్షియల్ మార్చినందుకు లాగుడూ మైలేజీ రెండూ కలిసి పెరగడానికి కారణం లేదు. ఆ తరువాతి వారం ఆయన దూర ప్రయాణం చేసి వచ్చి, పెద్ద రోడ్డు మీద ఇంజను అరుస్తోందని చెప్పినప్పుడు గాని నాకు తట్టలేదు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని పక్కన కూర్చున్నాను. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే జీపీఎస్ 54 అంటోంది.

సంగతి ఏమిటంటే, ఈ మోడల్ బండ్ల కుటుంబంలో రెండు రకాల డిఫరెన్షియల్స్ ఉన్నాయి. ఒకదానిలో క్రౌన్ వీల్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10, నిష్పత్తి 4.1. రెండోదానిలోనూ క్రౌన్ వీల్‌కు 41 పళ్లే, పినియన్‌కు 9, నిష్పత్తి 4.556. క్రౌన్ వీల్ బయటికి కనిపిస్తుంది, పినియన్ దాని వెనుక దాగి ఉంటుంది. కనిపించినదాన్ని లెక్కపెట్టి కనిపించనిదాన్ని ఊహించాను. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సు వెనుక భాగంనుంచి తిరుగుతుంది కనుక డిఫరెన్షియల్ మారిన సంగతి దానికి తెలియదు. అది అసలు వేగం కంటే 11 శాతం ఎక్కువ చూపించింది. ఓడోమీటర్ కూడా అంతే ఎక్కువ తిరిగింది కాబట్టి లీటరుకు కిలోమీటర్లు పెరిగినట్టు లెక్క తేలింది. బరువు తేలికగా లాగడం మాత్రం నిజమే, చక్రాల దగ్గర లాగే బలం అదే 11 శాతం పెరిగింది. దానికి బదులుగా ఏ వేగం దగ్గరనైనా ఇంజను అంత ఎక్కువ తిరుగుతోంది.

స్పీడోమీటర్ చిన్న గేరు మార్చి మీటరును సరిచేసి, ఈ డిఫరెన్షియల్‌నే ఉంచమని యజమాని అడిగారు. నేను ఒప్పుకోలేదు. మెట్ట దారుల్లో మాత్రమే తిరిగే బండి అయితే ఒప్పుకునేవాడినేమో. ఈ బండి ప్రతి వారం పెద్ద రోడ్డు మీద వందల కిలోమీటర్లు తిరుగుతుంది, పిస్టన్లు రింగులు మొదటినుంచి ఉన్నవే. వాటిని రోజంతా ఎక్కువ తిప్పితే హెడ్డు మీద పెట్టిన ఖర్చు కూడా వృథా అవుతుంది. ఇంకొకటి దొరికేదాకా నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలు బండి దానితోనే నడిచింది. మార్చిన పని నా ఖర్చు.

రెండోది తెచ్చిన రోజు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడిని ముందు కూర్చోబెట్టి, రెండు ముద్దలనూ బల్ల మీద పెట్టాను. క్రౌన్ వీల్ మీద ఒక పన్నుకు సున్నపు గుర్తు, ఫ్లాంజ్ మీద ఇంకొకటి. క్రౌన్ వీల్ ఒక్క చుట్టు తిరిగేలోగా ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టమన్నాను. మొదటిదాన్ని తిప్పి, “నాలుగు కాదు మేస్త్రీ, నాలుగున్నర కంటే కాస్త ఎక్కువే తిరిగింది” అన్నాడు. రెండోది నాలుగు చుట్లు తిరిగి, గడియారం ముల్లు పన్నెండు దాటి ఒంటి గంట మీదికి వచ్చినంత దూరంలో ఆగింది. యార్డులో ఇది అర నిమిషం పని, పళ్లు లెక్కపెట్టడం కంటే తక్కువ. బండినుంచి విప్పకుండానే కూడా చూడవచ్చు: రెండు వెనుక చక్రాలూ ఎత్తి కలిపి ఒక్క చుట్టు తిప్పాలి, లేదా ఒక చక్రం నేల మీదే ఉంటే ఎత్తిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పాలి, ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. అప్పటినుంచి డిఫరెన్షియల్ ఏదైనా ఈ లెక్క చూడకుండా యార్డు దాటించలేదు.

సెల్ఫ్ మోటారు

ఇది చిన్న సంగతే. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని మా దగ్గరికి రాకముందే వేరొక చోట దాన్ని ఒకసారి మార్చారు, మా దగ్గరికి వచ్చాక కూడా మార్చమన్నారు. మార్చే ముందు మల్టీమీటర్ ఒక పుల్లను బ్యాటరీ నెగెటివ్ గుబ్బకు, రెండోదాన్ని ఇంజను బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించాము. 1.8 వోల్టులు వచ్చింది, అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి. సెల్ఫ్‌కు చేరవలసిన 12 వోల్టుల్లో అంత భాగాన్ని ఇంజనుకు, ఛాసిస్‌కు మధ్య ఉన్న ఎర్త్ పట్టీ తినేస్తోంది. పట్టీ విప్పితే తీగలు లోపల పచ్చగా పొడి రాలుతున్నాయి. పట్టీ కొత్తది వేశాము. సెల్ఫ్ మోటారు ఇప్పటికీ అదే.

వైరింగు విషయంలో యార్డునుంచి తెచ్చుకోదగినవి కనెక్టర్లు. వాటిని కనెక్టర్ దగ్గర కోయకూడదు, జానెడు తీగతో సహా కోసుకోవాలి. అతుకు తడి తగలని చోట వేసుకునే వీలు అప్పుడే ఉంటుంది.

కొత్తవే వేసినవి

వాడిన భాగాల్లో రెండు రకాలు ఉంటాయి. ఇనుప హౌసింగు, గేరు, డ్రమ్ము, బ్రాకెట్టు వంటివి తిరిగినప్పుడే అరుగుతాయి, ఎంత అరిగాయో కొలవవచ్చు. రబ్బరు, గుడ్డ, గమ్ము వంటివి ఊరికే ఉన్నా పాడవుతాయి, ఎంత పాడయ్యాయో పైకి తెలియదు. ఈ బండిలో మొదటి రకాన్ని వీలైనంత వాడాము, రెండో రకాన్ని ఒక్కటి కూడా వాడలేదు. బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ కప్పులు, మాస్టర్ సిలిండర్, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, సీటు బెల్టులు, సీళ్లు, బెల్టులు, క్లచ్ ప్లేటు, ఇవన్నీ కొత్తవే. బ్రేకు ఆయిలు సీసా మూత తీసి నెలల తరబడి ఉంచినది కూడా వాడలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. బరువుతో దిగువకు దిగేటప్పుడు ఈ తేడా పెడల్ కింద తెలుస్తుంది.

వెనుక డ్రమ్ములు యార్డువే. గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. ఒకే చోట కొలిస్తే చాలదు, అడ్డంగా నిలువుగా రెండు చోట్ల కొలవాలి. తేడా ఉంటే అది గుండ్రంగా లేదు, పెడల్ కొట్టుకుంటుంది.

కమాన్ పట్టీలు మూడో ఏడాది విరిగాయి, కుడివైపు ప్రధాన పట్టీ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర రెండు ముక్కలైంది. ఒక వైపే మార్చితే బండి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది కనుక ఒకే బండినుంచి రెండు కట్టలూ తెచ్చాము. పట్టీల సంఖ్య, మందం, సెంటర్ బోల్టునుంచి రెండు కళ్ల దూరం కొలుచుకున్నాకే ధర మాట్లాడాము. యూ-బోల్టులు మాత్రం కొత్తవి. ఒకసారి బిగించినప్పుడు సాగిన బోల్టును మళ్లీ బిగిస్తే అంత పట్టు నిలవదు.

స్టీరింగ్ బాక్సు ఒక్కదాని దగ్గర వెనకాడాము. పాతది నిటారుగా వెళ్లేటప్పుడు మాత్రమే వదులుగా ఉండేది, ఎందుకంటే అరుగుదల అంతా చక్రాలు ఎక్కువ కాలం ఉండే ఆ నడిమి స్థానంలోనే జరుగుతుంది. పైనున్న సర్దుబాటు స్క్రూ బిగించి ఆ వదులు తీసేయవచ్చు. అలా చేస్తే మలుపులో, అరగని పళ్ల దగ్గర అది పట్టేసి తిరిగి రాకుండా నిలిచిపోతుంది. యార్డులో చూసిన నాలుగు బాక్సులకూ ఇదే జబ్బు. ఐదోది తక్కువ తిరిగిన బండిదని ఫుట్ పెడల్స్ రబ్బరు అరుగుదలను బట్టి అంచనా వేసి తీసుకున్నాము. ఓడోమీటర్ అబద్ధం ఆడగలదు, పెడల్ రబ్బరు ఆడలేదు.

ఇప్పటి పరిస్థితి

ఐదో ఏడాది పూర్తయ్యేసరికి ఓడోమీటర్ 5,38,000 దగ్గర ఉంది. అందులో తప్పు డిఫరెన్షియల్‌తో తిరిగిన నాలుగున్నర నెలల లెక్క పదకొండు శాతం ఎక్కువ కనుక, సర్వీసు పుస్తకంలో ఆ పేజీ పక్కన అసలు సంఖ్య ఎర్ర సిరాతో వేసి ఉంచాము. బండి రెండు రోజులకు మించి ఆగిన సందర్భం ఒక్కటే, అది కమాన్ పట్టీలు విరిగినప్పుడు. పట్టీలు అల్మారాలో లేవు, అవి పోతాయని మేము అనుకోలేదు.

ప్రస్తుతం మూడో గేరు వేసేటప్పుడు సన్నగా గీరుతోంది. గేరు మార్చేటప్పుడు రెండు గేర్ల వేగాన్ని కలిపే సింక్రో రింగు అరుగుతోందని అనుమానం. గేర్‌బాక్సులో ఎప్పుడో ఎవరో జీఎల్-5 ఆయిలు పోసి ఉంటారు. ఆ ఆయిలులోని గంధకపు కలయికలు డిఫరెన్షియల్ పళ్లకు మేలు చేస్తాయి గాని ఇత్తడి రింగులకు చేయవు. జీఎల్-4కు మార్చాక గీరడం కొంత తగ్గింది, పోలేదు. దాని బదులు గేర్‌బాక్సు ఒకటి రెండు నెలలుగా సిద్ధంగా ఉంది, ముందూ వెనుకా నోళ్లకు ప్లాస్టిక్ మూతలు పెట్టి అల్మారా అడుగు అరలో కూర్చుంది. దాని పక్కనే ఉన్నది నేను చీకట్లో తెచ్చిన ఆ డిఫరెన్షియల్. కుర్రవాడు దాని మీద సున్నంతో పెద్దగా “41/9” అని రాసి పెట్టాడు. ఆ నిష్పత్తి కావలసిన బండి వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.